తెరచాప కోసేసిన ఏడు

ఈ ఉదయం విజయనగరంలో స్కూటరుకి పెట్రోలు పోయించుకుందామని బంకుకి వెళ్తే, పైపుకి తాడు చుట్టి 'స్టాకు లేదు' అని అట్టముక్క వేలాడదీశారు. నేల మీద ఒలికిన చమురు వాసన మాత్రం గుప్పుమంది. ఆ వాసనకి జనం ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం మా ఊరు కళింగపట్నం, మా నాన్న చొక్కా గుర్తొస్తాయి.

నాన్న చొక్కాకి ఆ వాసన పట్టకముందు మా ఇంటిది తెరచాప వాసన. వేసవి చివర తాత తంగేడు చెక్కని పెద్ద డేగిసాలో మరగబెట్టి, ఉప్పునీళ్ళకి చివకకుండా ఆ ఎర్రటి కషాయంలో తెరచాపని ముంచి తీసి ఇసుకలో పరిచేవాడు. అది ఆరేలోగా మేం పిల్లలం దాని అంచుల కింద దూరి దాగుడుమూతలాడి, ఒళ్ళంతా ఎర్రగా పూసుకుని, నెత్తళ్ళ పులుసు ఘుమఘుమలాడుతున్న వంటింట్లోకి అలాగే వెళ్ళి, అమ్మచేత వీపు విమానం మోత మోగించుకునేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పడవకి ఇంజను బిగించాడు. "ఇంకేటి, గాలి కాళ్ళట్టుకోనక్కర్నేదు" అని మీసం తిప్పి, ఆ వారమే చాపని నాలుగు ముక్కలుగా కోసి, చేపలు ఎండబెట్టుకోమని అమ్మకిచ్చేశాడు. నేనైతే ఎగిరి గంతేశాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇంజను ఉంది కదా అని పడవలు దూరం వెళ్ళాయి. అవి వెళ్ళేకొద్దీ చేపలూ దూరమయ్యాయి. రెండేళ్ళకి ఒకనాడు వేటకెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. ఇంజనులో నూనె అయిపోయి ఉంటుందని ఒడ్డున అందరూ అనుకున్నారు. అమ్మ పొయ్యి వెలిగించలేదు. తాత నీళ్ళ అంచున నిలబడి, పంచె కొస రెపరెపలాడుతుంటే, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు.

"గాలి ఇంటేపే తోలతన్నాది. అందుకోడానికి ఆడికాడ సాప నేదు."

మూడో రోజు పక్క ఊరి పడవ ఒకటి నాన్న పడవని తాడు కట్టి లాక్కొచ్చింది. దాహంతో నాన్న పెదాలు పగిలిపోయి ఉన్నాయి. తాత సూది, పురికొస తెచ్చి ఆ నాలుగు ముక్కలూ కుట్టబోయాడు. చేపల నూనె, ఉప్పు పట్టిన గుడ్డ చేతిలోనే పీలికలైపోయింది. ఆ తర్వాత కొత్త చాప ఎవరూ కుట్టించలేదు. ఇంకో డబ్బా నూనె ఎక్కువ పట్టుకెళ్ళడం నేర్చుకున్నారు, అంతే.

ఎచ్చెర్లలో చదివే మా అమ్మాయి లోకంలో చమురు, బొగ్గు, గ్యాసు ఇంకా ఎన్నాళ్ళొస్తాయో చెబుతుంటుంది. ఒక్కో పుస్తకంలో ఒక్కో మాట ఉందట. మా ఊళ్ళో ఆ లెక్క ఎప్పుడూ డబ్బాల్లోనే. తాత పోయాడు. గాలిని చెంపతో పసిగట్టి పడవ నడిపే మనిషి ఇప్పుడు ఆ ఒడ్డున ఒక్కడూ లేడు. తంగేడు రోడ్డు పక్కన పూస్తూనే ఉంది, దాని చెక్క దేనికని అడిగితే చెప్పే పిల్లలు లేరు.

బంకు దగ్గరే నిలబడి, మా ఊళ్ళో ఉన్న తమ్ముడి ఇంటికి ఫోన్ చేశాను. వాడు మొన్న వేటకెళ్ళాడని, ఇంకా రాలేదని మరదలు చెప్పింది.

"నూనె ఎంత అట్టుకెళ్ళాడే?"

"ఎల్లి రాడానికి సరిపోద్ది వదినా."

"సేపలు ఇంకా దూరంగా ఉంటేనో?"

ఫోనులో సముద్రపు హోరు వినబడుతూనే ఉంది. మరదలు ఫోను పట్టుకునే ఒడ్డు వైపు నడిచినట్టుంది, ఆ హోరు ఇంకా పెద్దదైంది.