పౌర్ణమి వారం బేరం

మా నాన్నకు దీవి టౌనులో, గోల్ ఘర్ బజారులో స్టీలు సామాన్ల కొట్టు. గల్లా పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని నేను అక్షరాల కంటే ముందు బేరం నేర్చుకున్నాను. అవతలి మనిషి ఏం చెప్పినా అది ధర పెంచడానికే చెబుతున్నాడని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒకసారి పెళ్ళాం పిల్లలను రెండు రోజులు హాయిగా గడపడానికి పల్లెటూరికి తీసుకెళ్ళాను.

అప్పటికి సునామీ వచ్చి ఏడాది దాటింది. ఆ ఆదివారం పొద్దున భూమి ఊగినప్పుడు షాదీపూర్ పేటలోని మా ఇంట్లోంచి పిల్లలను ఎత్తుకుని మిట్ట మీదికి పరుగెత్తాం. కింద రోడ్డు మీదికి నీళ్ళు రావడం అక్కడి నుంచే చూశాం. మా వాళ్ళెవరూ పోలేదు, కొట్టు కూడా నిలిచింది. అదృష్టవంతులమని అందరూ అన్నారు, మేమూ అనుకున్నాం. మా పెద్దపిల్ల మాత్రం అనుకోలేదు. దానికి ఏడో ఏడు. ఆ రోజు నుంచి చెప్పులు వేసుకునే పడుకునేది. చుట్టాలింటికి తీసుకెళ్ళినా, గుడికి తీసుకెళ్ళినా మొదట అడిగేది ఒక్కటే, ఇక్కడికి సముద్రం వస్తుందా అని. నేను రాదనేవాణ్ణి. తలూపేది గాని చెప్పులు విప్పేది కాదు.

సముద్రం కనబడని, వినబడని చోట రెండు రోజులు ఉంచితే పిల్ల కుదురుకుంటుందేమోనని నా భార్య ఆశ. ఒక్క రాత్రి వట్టి కాళ్ళతో పడుకుంటే చాలు, అదే పెద్ద మందు అంది. నాకు వెంటనే ఒక ఇల్లు గుర్తుకొచ్చింది. చౌల్దారీ అనే పల్లె దాటాక పొలాల మధ్య, వెనక చిన్న కొండ, కొండ మీద పోకచెట్లు. ఇంటావిడ ఎప్పుడో రాంచీ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం మనిషి, మా కొట్టుకు పాత ఖాతాదారు. కొడుకు టౌనుకు మారాక ఖాళీ అయిన రెండు గదులూ అద్దెకిస్తానని చెప్పి ఉంది.

ఆవిడ గిన్నెలు కొనడానికి వచ్చినప్పుడు బేరం మొదలుపెట్టాను. అద్దె చెప్పింది. నేను సగానికి అడిగాను. ఆవిడ అద్దె సంగతి వదిలేసి, ఈ వారం వద్దు భయ్యా, పౌర్ణమి వారం, ఇంకో పది రోజులు ఆగి రండి అంది. నేను లోపల నవ్వుకున్నాను. సరుకు గదినిండా ఉన్నా మా నాన్న సరిగ్గా ఇలాగే అనేవాడు, ఈ వారం లేదు వచ్చే వారం రండి అని. దాంతో కొనేవాడికి ఆత్రం పెరుగుతుంది. మా కొట్టు విద్య మా కొట్టులోనే నా మీద ప్రయోగిస్తోందనుకున్నాను. ఈ వారమే వస్తాం దీదీ, పిల్లలకు వెన్నెల ఇష్టం, సగం అద్దెకే రెండు పూటలా భోజనం కూడా పెట్టాలి అన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసింది. "ఆప్ కీ మర్జీ" అంది. మీ ఇష్టం అని.

బేరం అంత తొందరగా తెగితే సరుకులో ఏదో తేడా ఉన్నట్టు. అది కూడా నాకు తెలుసు. గెలిచానన్న సంబరంలో మరిచిపోయాను.

శనివారం మధ్యాహ్నం జీపులో దిగాం. నిజంగానే సముద్రం కనబడదు, హోరు వినబడదు. నా భార్య చుట్టూ చూసి, బాగుందండీ అంది. బాగానే ఉంది. కాకపోతే పొలంలో పంట లేదు, పశువు లేదు. నేల మీద తెల్లటి పొర. ఇంటి ముందు నాలుగు కొబ్బరిచెట్లు తలలు లేకుండా మొండాలై నిలబడ్డాయి. వాటి మొదళ్ళ చుట్టూ మోకాలెత్తున ఒకే వరసలో మరక. కోత అయిపోయి ఉంటుందనుకున్నాను. స్టీలులో నాసిరకాన్ని చప్పుడుతో పట్టేస్తాను గాని, ఎండిన పొలానికీ చచ్చిన పొలానికీ తేడా నాకేం తెలుసు?

ఆ సాయంత్రం భోజనాలయ్యాక పెద్దపిల్ల అరుగు మీద నిలబడి పొలం వైపు చూస్తూ మామూలు ప్రశ్న అడిగింది. నేను కొట్టులో కుక్కర్ అమ్మే గొంతుతో జవాబిచ్చాను.

"రాదమ్మా. గ్యారంటీ."

అది కాసేపు ఆలోచించింది. తర్వాత లోపలికి వెళ్ళి చెప్పులు విప్పి మంచం కింద పెట్టింది. నా భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. దూరంగా పొలం చివర ఏదో మెరుస్తుంటే వెన్నెల అనుకుని, మనసులో నన్ను నేనే మెచ్చుకుంటూ పడుకున్నాను.

ఆదివారం పొద్దున ఎండ బాగా ఎక్కింది. గాలి లేదు, మబ్బు లేదు. పెద్దపిల్ల, మూడేళ్ళ వాడు ఇద్దరూ పొలం గట్టు మీద మట్టితో ఇడ్లీలు చేస్తున్నారు. నేను అరుగు మీద టీ తాగుతూ, అద్దె సగానికి ఎలా దించానో భార్యకు అభినయించి చూపిస్తున్నాను. తను చాలా రోజుల తర్వాత నవ్వుతోంది. వాకిట్లో కోడి ఉన్నట్టుండి ఒక కాలు పైకెత్తి, దించకుండా అలాగే నిలబడింది. దాని కింద నేల నల్లబడుతోంది. తలెత్తి చూశాను. చాళ్ళ వెంట నీళ్ళు వస్తున్నాయి. అల లేదు, నురగ లేదు, చప్పుడు లేదు. గోధుమ రంగు నీళ్ళు, ముందర చిన్న చిన్న పీతలు పరుగెత్తుతూ. పొలం సగం అప్పటికే లేదు.

గట్టు మీద పిల్లలు లేరు.

నా భార్య పేర్లు పెట్టి పిలిచింది. నేను నీళ్ళలోకి దిగాను. మోకాలి దాకా వచ్చాయి. గట్టు పక్క కాలవ కనబడక అందులో నడుము దాకా పడ్డాను. లేచి చేతులతో నీళ్ళు తడుముతున్నాను. ఏం దొరుకుతుందని తడిమానో ఇప్పటికీ అనుకోలేను. నోట్లోకి వెళ్ళిన నీళ్ళు ఉప్పగా ఉన్నాయి.

"ఊపర్ దేఖో, భయ్యా," అంది ఇంటావిడ వంట పాకలోంచి. పైకి చూడమని.

కొండ మీద, పోకచెట్ల మధ్య, పెద్దపిల్ల తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వాడి నోరు చేత్తో మూసింది. ఏడిస్తే నీళ్ళకు వినబడుతుందనుకుందట.

నేను బయటికి వచ్చేసరికి ఇంటావిడ నా భార్యకు హిందీలో చెబుతోంది. సునామీకి నేల కుంగిందనీ, అప్పటి నుంచి పౌర్ణమికీ అమావాస్యకూ పోటు పెరిగినప్పుడు ఖాడీలోంచి, అంటే ఉప్పునీటి పాయలోంచి, సముద్రం పొలంలోకి వచ్చి, రెండు మూడు గంటలుండి పోతుందనీ. ఈ వారం రావద్దని భయ్యాకు చెప్పానని కూడా.

నా భార్య నా వైపు తిరిగింది.

"సెప్పిందా మీకు?"

"చెప్పింది."

"మరేటి?"

"బేరం అనుకున్నాను."

తను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కొండెక్కింది. నేను వెనకాలే వెళ్ళాను. పిల్ల తమ్ముణ్ణి వాళ్ళమ్మకు ఇచ్చింది గాని తను లేవలేదు. పాదాలకు ముళ్ళు గీరుకుని రక్తం చారలు కట్టి ఉంది.

మమ్మల్ని ఎందుకు పిలవలేదు తల్లీ అన్నాను.

"నిన్ను అడిగితే రాదంటావు కదా నాన్నా. అదేమో వొచ్చేస్తంది," అంది. కోపంగా కూడా అనలేదు.

ఇవి మోకాటి లోతు నీళ్ళే, కాసేపట్లో పోతాయి అన్నాను. నమ్మలేదు. ఎత్తుకుని దించుతానన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంటికెళ్ళాక ఐస్‌క్రీమ్ అన్నాను, తర్వాత సైకిల్ అన్నాను. నేను ఇంకేం పెంచుతానోనని కూడా అది చూడలేదు. దాని చూపంతా నీళ్ళ మీదే ఉంది. దానికి నా దగ్గర కొనాల్సినదేమీ లేదు.

కింద ఇంటావిడ చీపురుతో గడప మీదికి వచ్చిన నీటిని అవతలికి తోస్తోంది. రోజూ చేసే పనిలాగే.

నేను తడిబట్టలతో పిల్ల పక్కన, కొంచెం ఎడంగా కూర్చున్నాను. తర్వాత, ఎప్పుడు దిగుదాం అని దాన్నే అడిగాను.

అది నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా, "గట్టు మొత్తం కనబడాలి," అంది. "ఈ కొస నుంచి ఆ కొస దాకా."

సరే అన్నాను. మమ్మల్ని తిరిగి తీసుకెళ్ళే జీపు వచ్చి రోడ్డు మీద హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది. మేం లేవలేదు. గట్టు ఈ చివర మట్టి కొంచెం తేలింది. ఆ చివర ఇంకా నీళ్ళే.