ఆల్చిప్పల మేట

వెర్లన్ టిడ్‌వెల్ మార్చి నుంచి గుండీల చొక్కాలు వేసుకోవడం మానేశాడు. తల మీదుగా తొడుక్కునేవి నాలుగు కొనుక్కొచ్చి వాటినే మార్చి మార్చి వేసుకున్నాడు. ఎండకి ఇవే హాయి అన్నాడు. మార్చిలో ఎండ లేదు. అతని భార్య నెల్డా ఏమీ అనలేదు. మా ఊళ్ళో చొక్కాల ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆమె అందులో ఇరవై రెండేళ్ళు పనిచేసింది.

షుగరు తిమ్మిరి ముందు అతని పాదాల్లోకి వచ్చింది. తర్వాత వేళ్ళలోకి. డాక్టరు సూదితో వేలు తాకి తెలుస్తోందా అని అడిగితే తెలుస్తోందన్నాడు. అలా చెప్పడానికి సూది ఏ వేలి మీదికి పోతోందో చూస్తే సరిపోయింది.

అతను ముప్పై ఒక్క ఏళ్ళుగా కెంటకీ సరస్సు మీద చేపల గైడు, గాలం వెయ్యడానికి డబ్బిచ్చి వచ్చేవాళ్ళని చేపలున్న చోటికి తీసుకెళ్తాడు. అంతకుముందు, ఇరవై ఏళ్ళ వయసులో, ఆల్చిప్పల కోసం నీళ్ళలో మునిగేవాడు. నోట్లో గాలి గొట్టం, నడుముకి సీసం, మెడలో సంచి. అడుగున ఏమీ కనిపించదు. బురద మీద బోర్లా పాకుతూ చేతులతో తడుముకుని ఏరాలి. అలా తడుముతుండగా ఒక ఉదయం ఒక మేట దొరికింది. మా ఇళ్ళల్లో హాలు ఎంత ఉంటుందో అంత. ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. బతికున్నవి ఏరుకున్నాడు, చచ్చినవి వదిలేశాడు. ఆల్చిప్పల బేరం పడిపోయి గైడు అయ్యాక ఆ వదిలేసినవే అతనికి అన్నం పెట్టాయి. జూన్‌లో పెద్ద బాస్ చేపలు లోతుకి దిగి, అలాంటి గట్టి నేల మీద మందగా నిలబడతాయి. ఆ మేటని అతను కంటితో ఎప్పుడూ చూడలేదు.

అది ఎక్కడుందో ఏ పరికరంలోనూ ఎక్కించలేదు. ఒకసారి నీళ్ళ అడుగుని తెర మీద చూపించే పాత సోనార్ పెట్టెని అమ్మేస్తూ అందులోని గుర్తులు చెరపడం మర్చిపోయాడు. ఆ తర్వాతి శనివారం పొద్దున్నే అతని చోట్ల మీద పధ్నాలుగు పడవలు నిలబడి ఉన్నాయి. ఆ రోజు ఈ మేట మీద ఎవరూ లేకపోవడానికి కారణం, దాన్ని అతను కంటి గుర్తులతోనే పట్టుకోవడం. నీళ్ళ ట్యాంకు చర్చి శిలువ వెనక్కి రావాలి. అవతలి ఒడ్డున పొగాకు కొట్టం రేకు కప్పు కొండ అంచుని తాకాలి. రెండూ కలిసిన చోట మేట.

పోయిన చలికాలం గాలివానకి పొగాకు కొట్టం కూలిపోయింది. ఇక మిగిలింది ట్యాంకునీ శిలువనీ కలిపే ఒక్క గీత, అర మైలు పొడుగున. ఆ గీత మీద పోతూ అడుగుని వెతుక్కోవాలి.

వెతకడానికి వాడేది చిన్న వస్తువు. దారం చివర సీసపు గుండు. గాలం గుండుకి బిగించి ఉండదు, ఒక కొక్కేనికి వేలాడుతూ ఊగుతుంది. గాలానికి రబ్బరు పురుగు. విసిరి, అడుగుకి దిగనిచ్చి, మెల్లగా ఈడ్చాలి. గుండు దేన్ని రాసుకుంటే అది దారం వెంట, గాలపు కర్ర వెంట వచ్చి చూపుడువేలికి తెలుస్తుంది. బురదా, గులకరాయా, మోడా, ఆల్చిప్పా. ఆల్చిప్ప తగిలాక రెండో కర్ర తీసి, తోక ఆడే మెత్తటి రబ్బరు చేపని ఆ మేట మీదుగా ఈదించాలి. ఇది పట్టడం. మొదటిది వెతకడం.

ఆ జూన్‌లో ఒక మంగళవారం, గాలం వెయ్యడానికి వచ్చిన ఇద్దరిని తీసుకెళ్ళి మూడు గంటలు బురద మీద తిప్పాడు. ఆల్చిప్పల మీదే ఉన్నాననుకున్నాడు. ఒక్క చేప కూడా పడలేదు. వాళ్ళు మర్యాదస్తులు, డబ్బిచ్చి వెళ్ళిపోయారు. రేవులో ట్రెంట్ యార్‌బ్రో మాత్రం ఊరుకోలేదు. ముప్పై నాలుగేళ్ళ కుర్ర గైడు, పడవ మీద మూడు సోనార్ తెరలు పెట్టుకున్నవాడు.

"ఏం మిస్టర్ వెర్లన్, ఇవాళ చేపలన్నీ ప్రార్థనకి పోయాయా?"

"నీ టీవీలో ఏ సినిమా వేశారు?" అన్నాడు వెర్లన్. ఆ మాట అతను రోజూ అనేదే.

"చేపల సినిమానే. మీరూ పెద్దది పెట్టించుకోండి. మీ చిన్న పెట్టెలో మీ మొహం తప్ప ఏమీ కనిపించదు."

వెర్లన్ నవ్వాడు. ఇంటికి వచ్చి చాలాసేపు బండిలోనే కూర్చున్నాడు. వచ్చే గురువారం లైమన్ కోబ్ వస్తాడు. ఇండియానాలో పందుల్ని పెంచే రైతు. పందొమ్మిదేళ్ళుగా ప్రతి జూన్‌లో వస్తున్నాడు, ఆ మేట కోసమే వస్తున్నాడు. అతని ముందు బురద మీద తిరిగితే, గైడు పని అయిపోయిందని వెర్లన్ తనకి తానే ఒప్పుకోవాలి.

ఆదివారం భోజనాల దగ్గర నెల్డాతో అన్నాడు.

"రేపు పడవలో వస్తావా?"

నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆమె ఆ పడవ ఎక్కింది రెండుసార్లు.

"ఎవరు పోయారు?" అంది నెల్డా.

"ఎవరూ పోలేదు. గాలి లేదు, బావుంటుంది."

"నా టొమాటోలకి నీళ్ళు ఎవరు పోస్తారు?"

"పొద్దున్నే పోసేసి రా."

ఆమె పోసేసి వచ్చింది. రొట్టెలో టొమాటో ముక్కలు పెట్టి నాలుగు కట్టుకొచ్చింది. సీసాలో తీపి టీ. తోటలో వేసుకునే టోపీయే పెట్టుకుంది.

నీళ్ళ ట్యాంకు శిలువ వెనక్కి వచ్చేదాకా పడవ పోనిచ్చి వెర్లన్ ఇంజను ఆపాడు. ముందున్న చిన్న మోటారుని కాలితో నడపాలి. కాలు పెడలు మీద ఉందో లేదో కిందికి చూసుకుంటూ నడిపాడు. గాలం విసిరి కర్ర ఆమె చేతికి ఇచ్చాడు.

"చూపుడువేలు ఇక్కడ, దారం కింద పెట్టు. మెల్లగా ఈడ్చు. ఏం తగులుతోందో చెప్పు."

"నీళ్ళ కింద వాటి పేర్లు నాకేం తెలుసు?"

"నీకు తోచిన పేరే చెప్పు."

ఆమె కళ్ళు సరస్సు మీద పెట్టి, వేలు దారం కింద పెట్టి మెల్లగా ఈడ్చింది. ఫ్యాక్టరీలో ఆమెది చివరి బల్ల. తయారైన చొక్కాని పెట్టెలో పెట్టే ముందు అరచేత్తో ఒకసారి నిమిరి, లోపం ఉంటే పక్కకి తోసేది.

"తడి ఫ్లానెల్ గుడ్డ," అంది.

బురద. వెర్లన్ పడవని ముందుకి జరిపాడు.

"ఇంకా ఫ్లానెలే. నానబెట్టి పిండకుండా వదిలేశారు."

మళ్ళీ జరిపాడు. మళ్ళీ విసిరాడు. ఎనిమిది అయింది. ఎండ వీపు మీదికి వచ్చింది.

"ఇది వేరే. కార్డురాయ్. సన్న గీతలది."

"గులకరాళ్ళు. పోనీ, ఈడుస్తూ ఉండు."

"ఆగిపోయింది. మందం కుట్టు మీద సూది ఆగినట్టు."

"మోడు. గుంజకు. దారం వదులు చేసి కొంచెం ఆడించు, ఊగే గాలం కదా, అదే వచ్చేస్తుంది."

వచ్చేసింది. ఆమె మొహంలో చిన్న సంతోషం కనిపించి పోయింది. గాలం పడవలోకి లాక్కుని ఇద్దరూ రొట్టె తిన్నారు. టొమాటో రసం అతని మణికట్టు దాకా కారింది. ఆమె రుమాలు అందించింది.

"నీచేత ఎందుకు చేయిస్తున్నానో అడగవా?" అన్నాడు.

"మార్చిలోనే అడగలేదు. ఇప్పుడెందుకు?"

అతను తినడం ఆపాడు.

"ఒక్క గుండీ కోసం అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డావో చూశాను," అంది. "మర్నాడు పోయి ఆ గోనెసంచులు నాలుగు కొనుక్కొచ్చావు. నేను చొక్కాలు చూసిన దాన్ని, వెర్లన్. ఇంకెవరినైనా మోసం చెయ్యి."

"మరి అనలేదేం?"

"నువ్వంటావని చూశాను. మూడు నెలలు."

తొమ్మిదింటికి ఆనకట్టలో కరెంటు మరలు తిప్పి నీళ్ళు వదిలారు. సరస్సు కదిలింది. దారి గుర్తు కోసం కట్టిన తేలుడు పీపా ఒక పక్కకి వాలింది. చేపలు మేతకి లేచే సమయం ఇదే. వెర్లన్ మళ్ళీ విసిరి కర్ర ఇచ్చాడు. ఫ్లానెల్. ఫ్లానెల్. కొంచెం కార్డురాయ్. నెల్డా భుజం నొప్పెడుతోందంది, చెయ్యి మార్చుకుంది. తర్వాత కదలడం మానేసింది.

"వెర్లన్."

"ఏంటి?"

"గుండీలు. గుండీల డబ్బాలో చెయ్యి పెట్టినట్టుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి."

అతను లేచి ఆమె పక్కకి వచ్చాడు. కర్ర మీద తన వేలు పెట్టాడు. ఏమీ లేదు. కర్ర అక్కడ ఉందన్న సంగతి కంటికి తెలుస్తోంది, అంతే. వేలు తీసేశాడు.

రెండో కర్ర అందుకుని రబ్బరు చేపని ఆ వైపుకే విసిరాడు. పది లెక్కపెట్టాడు. పదికి రబ్బరు చేప అడుగుకి చేరి దారం వదులైంది. అది చూడొచ్చు. మెల్లగా చుట్టాడు. నాలుగోసారి విసిరినప్పుడు దారం పక్కకి పోవడం కనిపించింది, కర్ర వంగింది. అయిదు పౌన్ల బాస్ నీళ్ళలోంచి పైకి లేచి తల విదిలించింది. దాని కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని ఎత్తాడు. నోట్లో గరుకు ఉంటుంది, ఎప్పుడూ వేలు చెక్కుకుపోయేది. గాలం తీసి నీళ్ళలోకి వదిలేశాడు. తర్వాత ఇంకో మూడు పట్టాడు. నెల్డా ఒకటి పట్టి, దాని కళ్ళు నచ్చలేదంది.

"గురువారం కూడా రా," అన్నాడు.

"రాను."

"కోబ్ ఏమీ అనుకోడు."

"అతను అనుకోకపోతే నాకేం? ఇరవై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ చొక్కాలకి వేళ్ళు ఇచ్చాను. ఈ పదీ నాకు ఉంచుకోనీ. అతనితో ఉన్నమాట చెప్పు."

"చెబితే రాడు."

ఆమె పడవలోని సోనార్ పరికరం వైపు చూపించింది. "పోనీ అందులో గుర్తు పెట్టుకో."

అతను శిలువ వైపు, ట్యాంకు వైపు చూశాడు. పరికరం మీద మీట నొక్కాడు. నొక్కాడో లేదో వేలికి తెలియలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. తెర మీద ఒకే చోట నాలుగు గుర్తులు పడ్డాయి. నెల్డా ముందుకి వంగి మూడు చెరిపేసింది.

తిరిగి వస్తుంటే అతనికి కొంచెం ఊపిరి ఆడింది. ఇప్పుడు వెతకక్కర్లేదు. గుర్తు మీదికి పోయి, పడవ ఆపి, కోబ్‌ని పట్టుకోమనడమే. తను లెక్కపెట్టుకుంటూ రబ్బరు చేపని విసరొచ్చు. ఈ వేసవి గడుస్తుంది. రేవు దగ్గరపడ్డాక నెల్డా వాడిన కర్రకి ఉన్న దారం కోశాడు. ఊగే గాలం ఎక్కడా తగలకుండా గుండుని కుడి గుప్పిట్లో పట్టుకుని, ఎడం చేత్తో పడవని వరసలోకి తెచ్చాడు.

ట్రెంట్ చెక్కల మీద నిలబడి ఉన్నాడు.

"నెల్డా గారూ, మిమ్మల్ని ఎందుకు ఎక్కించారు? బరువు చాలకా?"

"అబ్బాయ్, ఇవాళ నేను పట్టాను చేప. నువ్వు ఒడ్డున ఉన్నావు," అంది నెల్డా.

"తాడు ఇటు వెయ్యండి మిస్టర్ వెర్లన్."

వెర్లన్ తాడు కోసం కుడి గుప్పిలి తెరిచాడు. గుండు కింద పడలేదు. బొటనవేలి మొదట్లో వేలాడి ఊగింది.

ట్రెంట్ నవ్వు ఆగిపోయింది. "కదలకండి," అన్నాడు. పడవలోకి దిగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. గాలం ఎదురుముల్లు కూడా లోపలికి పోయింది. ఎప్పుడు పోయిందో, చుట్టూ రక్తం అప్పటికే ఎండింది.

వెర్లన్ దాన్ని చూసి మొహం తిప్పుకుని నీళ్ళ వైపు చూశాడు. ట్రెంట్ గాలం వంపుకి దారం మడత వేసి, రెండో చేత్తో గాలం చెవిని చర్మానికి అదిమాడు. మా రేవులో అందరికీ తెలిసిన పనే. గాలం తీసేటప్పుడు మగాళ్ళు కూడా అరుస్తారు.

"మూడు అనగానే లాగుతాను. ఒకటి. రెండు."

రెండుకే లాగాడు.

వెర్లన్ ఇంకా నీళ్ళ వైపే చూస్తున్నాడు. కొంతసేపటికి అడిగాడు.

"లాగేశావా?"

ట్రెంట్ చేతిలోని గాలం చూశాడు, నెల్డాని చూశాడు.

"గురువారం నీకు ఖాళీ ఉందా?" అన్నాడు వెర్లన్.

"ఉంది. ఎందుకు?"

"కోబ్ వస్తాడు. నెల్డా నీకొక గుర్తు చూపిస్తుంది. నీ టీవీలో అది చదునుగా కనిపిస్తుంది, నమ్మకు. కోబ్‌ని మెల్లగా ఈడ్చమను. తొమ్మిది దాటాక."

"మీరూ వస్తారుగా మిస్టర్ వెర్లన్?"

"కోబ్‌కి నేనే ఫోన్ చేసి ఉన్నమాట చెబుతాను."

ట్రెంట్ తాడు తీసుకుని గుంజకి కట్టాడు. నెల్డా రొట్టె కట్టుకొచ్చిన రుమాలు దులిపి, మడిచి, వెర్లన్ బొటనవేలి చుట్టూ తిప్పి ముడి వేసింది.

"బిగుతుగా ఉందా?"

"చూసి నువ్వే చెప్పు," అన్నాడు వెర్లన్.