చింతపండుతో తోమిన వెండి డాలరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు దేవుడి అలమర. బీరువాకు తాళం ఉండేది గానీ, ఆ తాళంచెవి ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. దేవుడి అలమరకు తాళం లేదు. అయినా స్నానం చేయకుండా దాని మీద చెయ్యి వేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకే మా నాన్న ఆ వెండి డాలరును వెంకన్నబాబు పటం వెనక దాచాడు. శ్రావణమాసంలో ఆ అలమరంతా కిందికి దింపి కడుగుతారన్న సంగతి మాత్రం మగవాడు కదా, ఆయనకు తోచలేదు.

అప్పట్లో మేం తోవా పాయోలో కొత్తగా కట్టిన ఫ్లాటులో ఉండేవాళ్ళం. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి సింగపూర్ వచ్చిన కుటుంబం మాది. నాన్న రేవులో గుమాస్తా. చుట్ట లేదు, పేకాట లేదు, ఆయనకున్న పిచ్చల్లా పాత నాణేలే. అందులోనూ అమెరికావాళ్ళు దేశం కట్టుకున్న కొత్తల్లో అచ్చువేసిన వెండి నాణేలు కనిపిస్తే అన్నం సంగతి కూడా మరిచిపోయేవాడు. అమెరికా ఎక్కడ, మనం ఎక్కడ అని మా అమ్మ రోజూ దెప్పేది. ఆ దేశపు ఓడలు టీ ఆకుకూ పట్టుకూ మిరియాలకూ మూటలు మూటలు వెండి మోసుకుని ఈ సముద్రాల మీదికి వచ్చేవని, ఆ వెండిలో కొంత ఇక్కడే చేతులు మారుతూ మిగిలిపోయిందని నాన్న ఓపిగ్గా చెప్పేవాడు. అమ్మ వినేది కాదు. నేను వినేదాన్ని.

ఆ పిచ్చే ఆయనకు ఒక స్నేహితుణ్ణి తెచ్చిపెట్టింది. సుంగై రోడ్ పాత సామాన్ల సంతలో ఒకే నాణెం మీద ఇద్దరి చేతులూ పడ్డాయట. అవతలి మనిషి చైనావాడు, నాన్న కంటే బాగా పెద్దవాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, నాణేన్ని మొహం మీద కాదు, అంచు దగ్గర పట్టుకోవాలని మాత్రం చెప్పి నవ్వాడట. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్న మా బ్లాకు కింద కాపీ కొట్టులో ఇద్దరూ కూర్చునేవారు. మా నానమ్మ ఆయన్ని తౌకే అనేది. తౌకే అంటే ఇక్కడ షావుకారు. నిజానికి ఆయన బడిలో లెక్కలు చెప్పి విరమించిన మాస్టారు. మా నానమ్మ లెక్కలో మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న చైనావాళ్ళందరూ తౌకేలే. అలా ఆయన నాకు తౌకే అంకుల్ అయ్యాడు.

నాన్నకు నాణేల విద్య ఆయనే నేర్పాడు. వెండికి ఏళ్ళ మీద వచ్చే నలుపు మురికి కాదని, అది దాని వయసని, కడిగితే నాణెం చచ్చిపోయినట్టేనని చెప్పేవాడు. మోసగాళ్ళు కడిగేసిన నాణేన్ని ఉడికిన కోడిగుడ్డుతో కలిపి డబ్బాలో మూసిపెట్టి దొంగనలుపు తెప్పిస్తారని కూడా చెప్పాడు. నలుపు చూసి నమ్మకు, ముందు ముక్కు దగ్గర పెట్టుకో అని ఆయన నాన్నకు నేర్పిన పాఠం. ఏ నాణెం చేతికిచ్చినా ఆయన మొదట వాసన చూసేవాడు. నేను కూడా నా ఐదు సెంట్ల బిళ్ళలన్నీ వాసన చూసి మా అమ్మ చేత తిట్లు తిన్నాను.

ఆయన దగ్గర ఒక డాలరు ఉండేది. జుట్టు రిబ్బనుతో ముడేసుకున్న ఒక స్త్రీ మొహం, చుట్టూ నక్షత్రాలు, వెనక గద్ద. చేతులు మారినప్పుడల్లా వెండి మంచిదేనని చైనా వ్యాపారులు కొట్టిన చిన్న చిన్న ముద్రలు దాని నిండా ఉండేవి. ఆయన తండ్రి నది ఒడ్డున ఒక వర్తకుడి దగ్గర వెండి నాణ్యం చూసే పనిలో ఉండేవాడట. ఆ ముద్రల్లో ఒకటి ఆ తండ్రి చేత్తో కొట్టిందే. పోయేముందు ఆయన కొడుకు చేతిలో పెట్టింది ఆ ఒక్కటే. అది నేరేడుపండు రంగులో, అంచుల దగ్గర నీలంగా ఉండేది.

తౌకే అంకుల్ కళ్ళకు శుక్లాలు కమ్మాయి. ఆఖరికి ఆ డాలరు మీది మొహం కూడా ఆయన వేలితో తడిమి చూసుకోవలసి వచ్చేది. ఆపరేషనుకు వెళ్ళే ముందు దాన్ని గుడ్డలో చుట్టి నాన్నకు ఇచ్చాడు. ఆయన ఒంటరివాడు, ఇల్లు తాళం వేసి ఉంటుంది. "కట్టు విప్పి కొత్త అద్దాలు పెట్టుకున్నాక నేను మొదట చూడాల్సింది దీన్నే. అంతవరకు నీ దగ్గర ఉంచు" అన్నాడు. నాన్న రెండు చేతులతో అందుకున్నాడు. అలా అది దేవుడి అలమరలోకి వెళ్ళింది.

ఇక మా నానమ్మ సంగతి. మేం తాటాకులాంటి అత్తాకు కప్పిన పాత ఇంటి నుంచి ఫ్లాటుకు మారిన గందరగోళంలో ఆవిడ వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టుకునే వెండి లక్ష్మి రూపు పోయింది. ఈ శ్రావణానికి కొత్తది చేయిస్తాలే అమ్మా అని నాన్న మాటిచ్చాడు. ఇచ్చి మరిచిపోయాడు. వ్రతం నాడు పొద్దున్న అలమర దింపి కడుగుతుంటే, వెంకన్నబాబు పటం వెనక గుడ్డలో చుట్టిన వెండి ఆడమొహం ఆవిడకు దొరికింది. ఇంకేం కావాలి. కొడుకు చెప్పకుండా తెచ్చి దాచాడనుకుని మురిసిపోయింది. మసిబట్టిన వెండిని మన ఇళ్ళల్లో ఏం చేస్తారో అదే చేసింది. చింతపండు వేసి తోమి, ఆపైన విభూతితో రుద్ది రుద్ది తెల్లగా తళతళలాడించింది.

నేను బడి నుంచి వచ్చేసరికి డాలరు మీది దొరసానికి పసుపు, కుంకుమ బొట్టు పెట్టి కలశం ముందు కూర్చోబెట్టారు. పేరంటాళ్ళందరికీ నానమ్మ ఒకటే చెప్పడం. "సూసినారా, నా కొడుకు తెచ్చినాడు. సింగపూరు లచ్చిమి కదా, ఇలాగే దొరసానిలా ఉంటాదేమో." అందరూ నవ్వుతూ దండం పెట్టుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే నాన్న పని నుంచి వచ్చాడు. ఆ నాణేన్ని చూసి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. నానమ్మ ఎదురెళ్ళి ఆయన తల నిమిరింది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేను మళ్ళీ చూడలేదు. పరమాన్నం పెడితే నాన్న తలొంచుకుని తిన్నాడు.

మర్నాడు రూపుకు కొక్కెం పెట్టించి తెస్తానని తల్లికి చెప్పి డాలరు తీసుకున్నాడు. అది మొదటి అబద్ధం. అబద్ధం ఒంటరిగా కాపురం చెయ్యదు కదా, రెండోది వెనకే వచ్చింది. కాపీ కొట్టు నుంచి బాగా ఉడికిన గుడ్డు ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు. శ్రావణమాసంలో మా గడపలోకి గుడ్డు రావడం అదే మొదలు, అదే ఆఖరు. పాలపొడి డబ్బాలో గుడ్డు చిదిమి, పక్కన డాలరు పెట్టి, మూత బిగించి, కారిడార్‌లో తులసి కుండీ వెనక దాచాడు. చూస్తున్న నన్ను చూశాడు. నోటి మీద వేలు పెట్టుకోలేదు, ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. మా నాన్న తప్పు చేస్తున్నాడన్న సంగతి నాకు ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది. నానమ్మ తులసికి నీళ్ళు పోయడానికి వెళ్ళినప్పుడల్లా నేనే ముందు పరిగెత్తి చెంబు అందుకునేదాన్ని.

డాలరు మళ్ళీ నల్లబడింది. మసకమసకగా, ఒకచోట పచ్చగా ఒకచోట బూడిదగా, వంట గోడకు పట్టిన పొగలా ఉంది. నాన్న దాన్ని ఎండలోనూ గాలిలోనూ పెట్టి, పదేపదే ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేవాడు.

తౌకే అంకుల్ ఒక ఆదివారం కాపీ కొట్టు దగ్గర ఆగకుండా తిన్నగా మా ఇంటికే వచ్చేశాడు. సోడాబుడ్డి అద్దాల వెనక ఆయన కళ్ళు ఇంతింత పెద్దవిగా కనిపిస్తున్నాయి. నన్ను చూసి, నువ్వు ఇంత పొడుగని నాకు ఎవరూ చెప్పలేదే అని నవ్వాడు. గోడ మీది గడియారం చూశాడు, కిటికీలోంచి ఎదుటి బ్లాకులో ఆరేసిన బట్టలు చూశాడు. పండగకు వచ్చిన చిన్నపిల్లాడిలా ఉన్నాడు. నాన్న గుడ్డ మడత విప్పి డాలరు ఆయన అరచేతిలో పెట్టాడు.

ఆయన దాన్ని వెలుతురుకు తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. తర్వాత అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అక్కడే ఉండిపోయాడు. నాన్న నేల చూస్తున్నాడు. నాకు పారిపోవాలనిపించింది.

అదే సమయానికి నానమ్మ కాపీ గ్లాసులతో వచ్చింది. ఆయన చేతిలోకి చూసి ఆగిపోయింది. "ఇదేటిరా, నా రూపు తౌకే సేతిలో ఉందేటి? మొన్నే కదా సింతపండేసి అంతలా తోమినాను, మళ్ళీ ఇలా నల్లగైపోనాదేటి?"

తౌకే అంకుల్‌కు తెలుగు రాదు. నానమ్మ మాటలు ఆయనకు ఎప్పుడూ నేనే ఇంగ్లీషులో చెప్పేదాన్ని. అలవాటుగా నా వైపు తిరిగాడు. "గ్రాండ్‌మా ఏమంటోంది?" అని మెల్లగా అడిగాడు. నేను నాన్న వైపు చూశాను. నిజం చెబితే నాన్న పరువు పోతుంది, అబద్ధం చెబితే ఆ పెద్ద పెద్ద కళ్ళలోకి చూస్తూ చెప్పాలి.

నాన్న చెయ్యెత్తి నన్ను ఆపాడు. తల్లి అన్న మాటలు తనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఒక్క ముక్క వదలలేదు, చింతపండు కూడా వదలలేదు. ఆ తర్వాత తన మాట చెప్పాడు. "మా అమ్మ పూజ కోసం తెలియక కడిగింది. నల్లగా చేసింది నేను. నువ్వు చెప్పిన గుడ్డుతోనే."

"వాసన తెలిసింది. కానీ ఎందుకు?" అన్నాడు అంకుల్. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది.

నాన్న ఏదైనా చెప్పి ఉండొచ్చు. భయపడ్డానని, నీ మనసు కష్టపెట్టలేకపోయానని అనవచ్చు. అవి కూడా నిజాలే. వాటితో ఆపినా ఎవరూ కాదనేవారు కాదు. ఆయన తలెత్తి అన్నాడు. "నీకు చాలాకాలంగా సరిగ్గా కనిపించడం లేదు కదా. నీకు తెలియదులే అనుకున్నాను."

తౌకే అంకుల్ కొత్త అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. "మీ అమ్మ కడిగింది దేవుడి కోసం. ఆ మాట ఇంటికెళ్ళి మా నాన్న పటం ముందు చెప్పుకోగలను" అన్నాడు. "రెండోది ఎలా చెప్పను?" అంకుల్ లేచి, నానమ్మకు వంగి మలయ్‌లో తెరిమ కాసి, అంటే కృతజ్ఞతలు, అని దండం పెట్టి, డాలరు జేబులో వేసుకుని బయలుదేరాడు. నేను లిఫ్టు దాకా వెంట పరిగెత్తాను. అది మళ్ళీ మునుపటిలా అవదా అంకుల్ అని అడిగాను. అవుతుంది, దానంతట అదే అవుతుంది, తొందరపెట్టకూడదంతే అన్నాడు. "అప్పటికి నేను ఉండనులే. నువ్వు చూస్తావేమో."

ఆ సాయంత్రం జరిగిందంతా అర్థమయ్యాక నానమ్మ దీపం ముందు కూర్చుని ఏడ్చింది. పరాయివాళ్ళ తండ్రి సొమ్ము పాడుచేశానని ఏడుపు, కొడుకు తనకు భయపడి చెప్పలేదని ఏడుపు. ఆ తర్వాత ఆదివారాలు గడవడం కష్టమైపోయింది. నాన్న చొక్కా తొడుక్కుని కిందికి వెళ్ళేవాడు, కాపీ ఒక్కడే తాగి పైకి వచ్చేవాడు. నాణేల పెట్టె తెరవడం మానేశాడు.

దీపావళి దగ్గరపడుతుండగా తౌకే అంకుల్ వచ్చాడు. నాన్నతో ఏమీ అనకుండా తిన్నగా నానమ్మ దగ్గరికి వెళ్ళి ఎర్ర కాగితపు పొట్లం చేతిలో పెట్టాడు. అందులో అరిగిపోయిన పాత అమెరికా అర్ధ డాలరు ఉంది. ఎవరో ఎప్పుడో మెడలో వేసుకోవడానికి దానికి రంధ్రం చేశారు. రంధ్రం పడ్డ నాణేన్ని సేకరించేవాళ్ళు ముట్టుకోరు. "దీన్ని ఎంత తోమినా పర్వాలేదని గ్రాండ్‌మాకు చెప్పు" అన్నాడు నాతో. చెప్పాను. నానమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి, ఈ అమ్మకు టోపీ ఏటని అడిగి, కళ్ళకద్దుకుంది.

మళ్ళీ ఆదివారాలు మొదలయ్యాయి. అంతా మునుపటిలాగే అయిందని చెప్పాలని ఉంది గానీ, కాలేదు. ఆయన నాణేలు తెచ్చి చూపించేవాడు, వెళ్ళేటప్పుడు తనే జేబులో వేసుకుని వెళ్ళేవాడు. ఇంకెప్పుడూ ఒక్క నాణెం కూడా మా ఇంట్లో ఉంచలేదు. ఉంచమని నాన్న అడగలేదు. ఆ డాలరును మాత్రం ఆయన మళ్ళీ బయటికి తియ్యలేదు. ఆయన పోయాక అది ఎవరి చేతికి వెళ్ళిందో, నేరేడు రంగు తిరిగి వచ్చిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నేను సింగపూర్‌లోనే, పుంగ్గోల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఏటా శ్రావణంలో ఆ టోపీ అమ్మను చింతపండుతో తోమేది నేనే. నానమ్మ చేతిలోనూ నా చేతిలోనూ అరిగి అరిగి ఆ మొహం ఇప్పుడు దాదాపు నున్నగా అయిపోయింది. ఏదైనా కాస్త కప్పిపుచ్చి చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా నాకు ముందు ఉడికిన గుడ్డు వాసన తగులుతుంది. దాంతో చాలాసార్లు నిజమే చెప్పాల్సి వచ్చింది, కొంతమంది దూరమయ్యారు కూడా.

మొన్న వ్రతం నాడు మా మనవరాలు దాన్ని పట్టుకుని, "అమ్మమ్మా, దీనికి హోల్ ఎందుకుంది?" అని అడిగింది. పక్కనే కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను. ముత్తాత గురించి పిల్లకు అదంతా ఎందుకమ్మా, కనిపించదులే అనుకున్నానన్న ఆ మాట వరకైనా వదిలెయ్యవలసింది అని మా అమ్మాయి కసురుకుంది. వదిలెయ్యొచ్చు. కానీ దాచుకునే వీలున్నా, ఆ మాట మా నాన్నే దాచుకోలేదు.