ఆగని సాఫ్ట్‌వేర్

బోడుప్పల్‌లో నరేందర్ వాళ్ళది రెండు గదుల అద్దె ఇల్లు. ఆ ఇంట్లో ఫోన్ మోగని పూట ఏదైనా ఉందా అని అడిగితే అతని భార్య గౌతమి మొహం అటు తిప్పుకునేది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటాడో లేదో, ఏదో ఒక దవాఖానా నుంచి ఫోన్ వచ్చేది. "అన్నా, బిల్లు వస్తలేదు." "అన్నా, స్క్రీన్ కదుల్తలేదు." ఎడంచేతిలో ఫోన్, కంచంలో కుడిచెయ్యి ఎండిపోతూ ఉండేది. జనగామ పక్కనుంచి వచ్చి, ఘట్‌కేసర్‌లో ఎంసీఏ చదివిన మనిషి! ఉద్యోగమంటే ఇట్లా ఫోన్‌కి కట్టేసిన బతుకని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ ఉద్యోగం నాచారం పారిశ్రామికవాడలో, మందుల ఫ్యాక్టరీ వాసన కొట్టే ఒక సందులో, మూడో అంతస్తులో. చిన్న కంపెనీ. ఆస్పత్రులకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముతుంది. అది ఆగితే సరిచేసేది నరేందర్ ఒక్కడే. మేనేజరు సుధీంద్ర విజయవాడ వైపు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. ఎక్కడో సెమినార్‌కి వెళ్ళొచ్చి ఒక కొత్త పద్ధతి పెట్టాడు. సాఫ్ట్‌వేర్ నెలలో ఎంతసేపు ఆగింది, దాన్ని సరిచెయ్యడానికి ఎంత ఖర్చయింది, అంతా ఒక్క పేజీలో రిపోర్టుగా రావాలి. ఆస్పత్రివాళ్ళు కంపెనీ వెబ్‌సైట్లో కంప్లయింట్ రాస్తే అప్పటినుంచి లెక్క మొదలు. రాయకపోతే, ఆగనట్టే! ఆ రిపోర్టు తయారుచేసే పని కూడా నరేందర్ నెత్తినే పడింది.

మొదటి నెల ఉన్నది ఉన్నట్టు రాశాడు. అంతే, మీటింగ్ పెట్టారు. ఇదెందుకు ఆగింది, అదెందుకు ఆగింది, అప్పుడు నువ్వెక్కడున్నావు అని ఒకటే ఆరా. సరిచెయ్యడానికి పట్టినదానికన్నా సంజాయిషీ చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. ఆ రోజుతో నరేందర్ విసిగిపోయాడు. అన్ని ఆస్పత్రుల కౌంటర్లకీ ఒకటే మాట చెప్పిపెట్టాడు: "కంప్లయింట్ రాయకుండ్రి మేడం. నాకే ఫోన్ చెయ్యుండ్రి. జర్రసేపట్ల చేసిస్త."

ఇక చూసుకోండి, కంప్లయింట్లు మాయమైపోయాయి. రిపోర్టు తళతళా మెరిసిపోయింది. ఖర్చుల గడిలో నరేందర్ బండి పెట్రోలు లేదు, అతని సెల్లు బిల్లు లేదు, చల్లారిన అన్నం అసలే లేదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బందులకు బస్సులు ఆగాయి, షాపులు మూశారు. రిపోర్టులో సాఫ్ట్‌వేర్ మాత్రం ఆగలేదు. బండి తియ్యడానికి వీల్లేక నరేందర్ ఘట్‌కేసర్ ఆస్పత్రి దాకా కాళ్ళీడ్చుకుంటూ నడిచి వెళ్ళి సరిచేసి వచ్చిన సంగతి ఏ గడిలోనూ పట్టలేదు. సుధీంద్ర ఆ కాగితాన్ని కొత్త ఆస్పత్రులకు చూపించి మరీ సాఫ్ట్‌వేర్ అమ్మాడు. అమ్మినకొద్దీ నరేందర్‌కి ఫోన్లు పెరిగాయి.

మూడేళ్ళు గడిచేసరికి అతని మొహం చూస్తే జ్వరం వచ్చి తగ్గినవాడిలా ఉండేది. గౌతమికి నెలలు నిండాయి. ఆమె ఒక్కటే అడిగింది. "బిడ్డ పుట్టి ఇంటికొచ్చేదాక ఆ ఫోన్ బందు వెట్టు. మోగిందనుకో, నాచారం మురికి నాలాల ఏస్త."

నరేందర్ ధైర్యం తెచ్చుకుని సుధీంద్ర గదిలోకి వెళ్ళాడు. "ఇంకో మనిషిని ఇవ్వండి సార్. ఒక్కణ్నే అయితలేదు."

"మనిషెందుకయ్యా?" సుధీంద్ర నిజంగానే ఆశ్చర్యపోయాడు. బల్లమీది రిపోర్టు అతని వైపు తిప్పాడు. "నువ్వు రాసిందే చూడు. నెలంతా కలిపి అరగంట కూడా ఆగలేదు. ఆగని సాఫ్ట్‌వేర్‌కి ఇద్దరు మనుషులంటే పైవాళ్ళు నవ్వుతారు. హాయిగా లీవు తీసుకో, నిన్నెవరూ పిలవరు."

కింద సంతకం తనదే. నరేందర్‌కి ఏడుపొచ్చినంత పనయింది. సరే సార్ అని బయటికి వచ్చేశాడు.

ఉప్పల్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో గౌతమికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఆస్పత్రిలో ఉన్నదీ వాళ్ళ సాఫ్ట్‌వేరే. మనకు తెలిసినవాళ్ళే కదా అని అతనే అక్కడికి తీసుకెళ్ళాడు. ఫోన్ మాత్రం, చెప్పిన మాట ప్రకారం, బందు చేసి జేబులో వేసుకున్నాడు.

ఇంటికి పంపే రోజు పొద్దున బిల్లు కట్టడానికి కిందికి దిగితే కౌంటరు ముందు లైను గోడదాకా ఉంది. కదలదు. చంకల్లో పసిపిల్లలు, చేతుల్లో ఫ్లాస్కులు, జనం ఉడికిపోతున్నారు. కౌంటరులో కమలకుమారి చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. మూడేళ్ళుగా ఫోన్లో మాట్లాడిన మనిషే గానీ, ఆమె మొహం నరేందర్ చూడటం అదే మొదలు. ఆమెకూ అంతే; గౌతమిని చేర్చిన రాత్రి కౌంటరులో వేరేవాళ్ళున్నారు.

"పొద్దటిసంది ఆగింది, నేనేం జెయ్యాలె?" అని ఆమె లైనుకి చెప్తోంది. "నరేందర్ అని ఒకాయన ఉంటడు. ఆయన ఫోన్ ఎత్తితే జర్రసేపట్ల పనైతది. ఎత్తుతలేడు."

"వాడు దొరికితే చెప్పుతోని కొట్టాలె," అన్నాడు నరేందర్ ముందున్న తలపాగా పెద్దాయన. "నా కోడలు పచ్చి బాలింత, బెంచీమీద కూసున్నది."

నరేందర్ చెయ్యి జేబులోకి పోయింది. పక్కకు పోయి ఫోన్ తెరిచి, ఎప్పటిలాగే కౌంటరుకి చెప్తూ గప్‌చుప్‌గా సరిచేసెయ్యొచ్చు. ఎవరికీ తెలియదు. వచ్చే నెల రిపోర్టు కూడా మెరిసిపోతుంది. పైన గౌతమి బట్టలు సర్దుకుని పిల్లతో కూర్చుంది. ఈ ఒక్కసారికి సరిచేస్తే ఇక జన్మంతా ఇంతే కదా అని అతనికి మొదటిసారి తనమీద తనకే ఒళ్ళు మండింది.

లైనులోంచి బయటికి వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. "కంప్లయింట్ రాయుండ్రి మేడం."

కమలకుమారి తలెత్తింది. ఆ గొంతు ఆమెకు ఎంత అలవాటు! "నరేందరన్నవా నువ్వు? రాయొద్దని చెప్పింది నువ్వే గదనే. రాస్తే మీ ఆఫీసుల నిన్ను అంటరన్నవ్."

"అననియ్యుండ్రి. పొద్దున ఎప్పుడు ఆగిందో గదే టైం ఎయ్యుండ్రి. తర్వాత నేను చేస్త."

ఆమె రాసింది. అది చూశాకే నరేందర్ లోపలికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సర్వర్లో ఇరుక్కుపోయిన బిల్లొకటి తీసేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రింటరు గరగరమంది. వచ్చి మళ్ళీ లైనులో తన చోట నిలబడ్డాడు. తలపాగా పెద్దాయన కాసేపు ఇబ్బందిగా చూసి, "చెప్పు మాట మనసుల పెట్టుకోకు బిడ్డా," అన్నాడు.

బోడుప్పల్‌కి ఆటోలో పోతూ గౌతమికి జరిగింది చెప్పాడు. ఆమె పిల్లను ఒళ్ళో సర్దుకుని, "ఫోన్ తెరువు, మీ సార్ చేస్తడు," అంది. తెరిచీ తెరవగానే మోగింది.

"నరేందర్, ఏంటయ్యా ఇది?" సుధీంద్ర గొంతు కంగారుగా ఉంది. "పొద్దుటినుంచీ ఆగిందని రాశారు! మూడేళ్ళలో ఇంతసేపు ఎప్పుడూ లేదు. నువ్వు లీవు పెట్టగానే ఏమైంది?"

"ఏం కాలేదు సార్. ఎప్పుడూ అయ్యేదే అయింది. ఈసారి రాసిన్రు."

"ఎప్పుడూనా?" అన్నాడు సుధీంద్ర నెమ్మదిగా. "అయితే ఆ రెండో మనిషి సంగతి మాట్లాడాలి. రేపు ఆఫీసుకి రా."

"రేపు రాను సార్. లీవుల ఉన్న," అని నరేందర్ ఫోన్ బందు చేశాడు. పిల్లను ఇటివ్వమని గౌతమి వైపు చేతులు చాచాడు.