మామ దీమం పిట్ట

పోయిన నెల తిరుపతిలో చెవుల పరీక్షకు వెళ్ళాను. వెళ్ళాననడం కంటే మా ఆవిడ తీసుకెళ్ళిందనడం న్యాయం. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పలు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అద్దం అవతల కూర్చున్న అమ్మాయి తన మీట నొక్కినప్పుడల్లా భుజం కొంచెం కదిలేది. నేను ఆ భుజాన్ని చూసి నొక్కడం మొదలుపెట్టాను. నా చెవులు భేషుగ్గా ఉన్నాయని నాకే నమ్మకం కలిగింది. కాసేపటికి ఆ అమ్మాయి వచ్చి నా కుర్చీని గోడవైపు తిప్పింది. ఈ దొంగతనం నాకు మా మామ దగ్గర అబ్బింది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు, ఆ తర్వాత నాకు పిల్లనిచ్చినవాడు. పలమనేరు అవతల అడవి అంచున ఆయన ఊరు. నాలుగు ఆవులు, ఒక టమాటా తోట ఉన్న మనిషికి పనికేం కొదవ లేదు గానీ, ఆయన మనసంతా కౌజు పిట్టల మీదే ఉండేది. వాటి వేట ఇప్పుడు నేరం. అప్పుడూ నేరమేనేమో, మేమెవరమూ అడగలేదు. పెంపుడు కౌజునొకదాన్ని బుట్టలో పెట్టి గుట్ట మీద ఉంచుతారు. దాన్నే దీమం పిట్ట అంటారు. అది కూస్తే, తన చోటికి ఎవడో వచ్చాడని అడవిలోని కౌజు పుంజు కయ్యానికి పరిగెత్తుకొస్తుంది. బుట్ట చుట్టూ వేసిన ఉచ్చుల్లో కాలు పెడుతుంది. మొదట్లో ఇదంతా సులువే. కానుగలు పూసి, ఎండలు ముదిరి, వేట చివరికొచ్చేసరికి మిగిలిన పుంజులు బాగా తెలివిమీరి ఉంటాయి. దూరం నుంచి ఒక్క కూత కూసి, నోరు మూసుకుని, చుట్టూ తిరిగి వెనక నుంచి వస్తాయి. మామకు ఆ చివరి రోజులే ఇష్టం. రెండు వేళ్ళు పెదాలకు ఆనించి పెట్టపిట్టలా సన్నగా ఈల వేసేవాడు. దానికి దీమం రెచ్చిపోయి కూసేది. మేమిద్దరం కంపచాటున కూర్చుని ఎదురుచూసేవాళ్ళం.

సెలవులకు వెళ్ళినప్పుడల్లా నేను ఆయన వెంట పడేవాణ్ణి. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల తండ్రినై ఉండి కూడా, ఆ గుట్ట ఎక్కితే నా వయసు నాకు గుర్తుండేది కాదు. నాకింకా ఏమీ వినబడకముందే మామ నా చెవిలో, "ఎడం పక్క, ఆ పరికిపొద కాడ ఉండాది సూడు" అనేవాడు. చూస్తే అక్కడే ఉండేది. ఆ చెవుల గురించి నేను ఆఫీసులో కథలు చెప్పేవాణ్ణి.

ఒక వేసవి మొదట్లో, పొద్దు కాస్త ఎక్కాక, దీమం ఉన్నట్టుండి కూత ఆపేసి బుట్టలో నేలకు కరుచుకుపోయింది. "డేగ వచ్చినట్టుండాది" అని మామ పైకి చూశాడు. ఆకాశంలో ఏమీ లేదు. మా వెనక, వెదురు పొదల్లో, కొమ్మలు విరుగుతున్నాయి. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి, తీరిగ్గా. ఆ ఏడాది ఏనుగులు మా పక్కకు దిగాయని ఊరంతా చెప్పుకుంటోంది. నేను లేవబోయాను. మామ మాత్రం వేళ్ళు పెదాలకు ఆనించి మళ్ళీ హాయిగా ఈల వేశాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. విసుక్కున్నాడు. నా మొహం చూసి లేచాడు. ఇద్దరం వంగి వంగి, మా వాసన దానికి తగలకుండా గాలివాటున, బండల కిందికి దిగాం. తిరిగి చూస్తే ఒంటి ఏనుగు మేము కూర్చున్న చోటే నిలబడి, మామ మరిచిపోయిన తువ్వాలును తొండంతో ఎత్తి చూస్తోంది. బుట్ట జోలికి పోలేదు. చాలాసేపు నిలబడి, తన దారిన తాను వెళ్ళిపోయింది.

బుట్ట తీసుకుని దిగుతుంటే మామ అడిగాడు: "అది ఎంతసేపట్నుంచి కొమ్మలు ఇరస్తా ఉండె?"

"శానాసేపు మామా."

కొంత దూరం నడిచి ఆగాడు. "రెండేండ్లాయెప్పా నాకు సరిగ్గా ఇనపడక. ఈ పిట్ట మెడ యాడికి తిప్పుతాదో సూసి సెప్తా ఉండా. మీ అత్తకు సెప్పొద్దు. తెలిస్తే నన్ను గుట్టెక్కనీదు."

సరేనన్నాను. మాట ఇచ్చినట్టే.

మరునాడు నేను బస్సెక్కాలి. ఇంకా పది రోజుల వేట మిగిలి ఉంది. ఆ పది రోజులూ ఆయన ఒక్కడే పోతాడు. రాత్రంతా అదే ఆలోచన. పొద్దున అత్త నాకు సంగటి, ఊరిబిండి పెడుతుండగా చెప్పేశాను. ఆమె గరిటె కింద పెట్టింది. ఏనుగు సంగతి అడగనే లేదు. "రెండేండ్లుగా పిలిస్తే పలకడంటే నామింద కోపమనుకుంటా ఉన్న్యా నాయనా" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. చెప్పి మంచి పని చేశానని ఆ క్షణంలో నాకు గట్టిగా అనిపించింది.

దసరాకు వెళ్ళేసరికి బుట్ట ఖాళీగా అటక మీద ఉంది. మామ తనే పిట్టను వదిలేశాడట. అది నాలుగు రోజులు గొడ్లపాక చుట్టూనే తిరిగి, తర్వాత కనబడలేదట. అత్త మాత్రం ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, నిదానంగా, నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ ఇంట్లో అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. మామ నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి, "రాండి అల్లుడూ, కూసోండి" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ నన్ను ఏరా, రారా అన్న మనిషి. తమాషా చేస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత మామ పన్నెండేళ్ళు బతికాడు. నేను చెప్పబట్టే అన్నేళ్ళున్నాడని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నిజమే అయి ఉండొచ్చు. ఆ పన్నెండేళ్ళూ ఆయన నన్ను చుట్టంలాగే చూశాడు.