పసుపు పూసిన బెల్టు

"పూజ చేసిన బెల్టును గోరుతో గీకకూడదే. క్యారేజీ ఇటివ్వు" అన్నాడు నా మొగుడు.

"అయితే ఆ పసుపే నిన్ను మోస్తుందిలే, పో" అన్నాను. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే.

మాది పొదిలి పక్క పల్లె. చీమకుర్తి క్వారీలో తాడుకు వేలాడుతూ దిగి, వదులు రాళ్లు రాల్చే పని ఆయనది. మేస్త్రీ ఎక్కడో వాడేసిన, తాడుకు తగిలించే నడుము బెల్టులు కొనుక్కొచ్చి, దసరాకు పూజ చేయించి, కుట్ల మీద దట్టంగా పసుపు కుంకుమ మెత్తించాడు. ఇక వాటిని గీకి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ రోజు కుట్లు విడిపోయి ఆయన కిందపడి చనిపోయాడు.

నెల తిరక్కుండానే మేస్త్రీ మా మరిది శీనును పనికి పిలిచి, అలాంటి బెల్టే చేతికిచ్చాడు. వెంట వెళ్లిన నేను దాన్ని లాక్కుని, అందరి ముందూ కొడవలి మొనతో పసుపు గీకాను. లోపలి దారం వేలితో నలిపితే పొడి అయింది. గేదెకు కట్టే పలుపునైనా పేట విప్పి చూసి కొంటాం మేము.

"అమ్మవారికి మొక్కినదాన్ని గీకుతావటే, మొగుణ్ణి మింగినదానా!" అని మేస్త్రీ మీదికొచ్చాడు.

"గట్టిదైతే నువ్వు కట్టుకుని దిగరా! నీకూ పసుపు పూస్తాను."

వాడు క్వారీ అంచు దగ్గరకు కూడా రాలేదు. శీను ఆ రోజే పని మానేశాడు.

పసుపు మీద నాకు కోపం లేదు. ఆ పొద్దున మొగుడి మాటకు చెయ్యి వెనక్కి తీసుకున్నానే, అదే నన్ను తినేస్తోంది.

శీనూ, నేను చెప్పగా రాసింది చదివి వినిపించు. మేస్త్రీని ఎక్కడైనా 'గారు' అన్నావేమో వినాలి.