నిజమేనండి

ఎంట్రన్సు పరీక్షలు కొత్తగా పెట్టిన రోజులు. పొన్నూరు బస్సులో మా పక్కన కూర్చున్నావిడ పళ్ళ డాక్టరమ్మట. ఇంటర్ రెండో ఏడు చదివే మా అమ్మాయి కూడా ఆ చదువే చదవాలనుకుంటోంది. అందుకని ధైర్యం చేసి ఆమెను సలహా అడిగింది.

“ఫిజిక్సు వదలకమ్మా. సబ్బుబిళ్ళ మీద బ్లేడుతో పళ్ళు చెక్కడం నేర్చుకో, చేతికి పనితనం రావాలి,” అంటూ ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది. “సన్నటి వేళ్ళు, ఈ పనికి బాగుంటాయి. ఇంత ఎర్రగా ఉన్నాయేంటి?”

“మిరపకాయలకి తొడిమలు తీస్తామండి,” అన్నాను.

“ఊళ్ళో ఎక్కడ మీ ఇల్లు?”

“ఊరి బయట పేటలోనండి, చర్చి పక్కన.”

ఆమె చెయ్యి వదిలేసింది. జేబురుమాలు తీసి తన వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది.

“మీ చేత్తో నీళ్ళిస్తేనే తాగరు కదమ్మా. నీ చెయ్యి నోట్లో ఎవరు పెట్టనిస్తారు? వేరే ఏదన్నా చదువుకో.”

పిల్ల నా వైపు చూసింది. పెద్దవాళ్ళు ఏమన్నా తలూపడం నాకు అలవాటు.

“నిజమేనండి,” అన్నాను.

పిల్ల ఎంట్రన్సు ఫారం పంపలేదు. డాక్టరు చదువు ఎందుకు చదవలేదని ఇప్పుడెవరన్నా అడిగితే, ఆ డాక్టరమ్మ మాటే ఎత్తదు.

“మా అమ్మ వద్దంది,” అంటుంది.